ఏడు నిమిషాల నలభై సెకన్లు

మా మండల పరిషత్ ఆఫీసులో డిసెంబరు మొదటి సోమవారం నుంచి కాగితం ఆగిపోయింది. ఫైళ్లన్నీ కంప్యూటర్‌లోనే కదలాలని ఉత్తర్వు. ఉత్తరాలు ఈ-ఆఫీసులో, నోటీసులు జనం ఫోన్లకు మెసేజీలుగా, సెలవు చీటీలు కూడా తెర మీదే. నేనక్కడ సూపరింటెండెంటుని. ముప్పై ఏళ్లు సిరా మరకలతో బతికినవాణ్ని కాబట్టి బాధపడతానని అందరూ అనుకున్నారు. నిజానికి నాకు సుఖంగానే ఉంది. బీరువాల్లో దుమ్ము పోయింది, దానితో నా దగ్గూ పోయింది. పాత ఫైలు కోసం నిచ్చెన ఎక్కే పని తప్పింది. నా మోకాళ్లకు అది చిన్న మేలు కాదు.

కష్టమొచ్చింది బొజ్జయ్యకి.

బొజ్జయ్య మా అటెండరు. ఇరవై ఏడేళ్లుగా అతని పని ఒక్కటే, ఆఫీసు కాగితాల్ని అడవిలోని పదమూడు గూడేలకు చేర్చడం. మొదట్లో నడిచి వెళ్లేవాడు, తర్వాత సైకిల్, ఈ మధ్య పాత మోపెడ్. గూడెం చేరి, కాగితంలో ఉన్నదాన్ని కోయ భాషలో చెప్పి, తపాల్ బుక్కులో వేలిముద్రలు వేయించుకొని తిరిగొచ్చేవాడు. అతనూ కోయవాడే. డిసెంబరు తర్వాత అతని సంచి ఖాళీ అయింది. వరండాలో స్టూలు మీద కూర్చొని, సారపాక కాగితం మిల్లుకు జామాయిల్ కర్ర మోసుకుపోయే లారీల్ని లెక్కపెట్టేవాడు.

"ఇయ్యాల పదకొండు సారూ," అనేవాడు సాయంత్రం, అదే ఆ రోజు తను చేసిన పని అన్నట్టు.

ఫిబ్రవరిలో జిల్లా నుంచి సర్క్యులర్ వచ్చింది. ప్రతి ఉద్యోగి పేరుకు ఎదురుగా అతను చేస్తున్న పని రాయాలి, కంప్యూటర్ రాకతో పని లేకుండాపోయిన వాళ్లను మిగులు సిబ్బందిగా చూపాలి, వాళ్లను కొత్తగూడెంలో సర్దుతారు. నెలాఖరులోగా పంపాలి. ఆ పట్టిక నింపాల్సింది నేనే. ఆరు పేర్లు నింపాను. బొజ్జయ్య పేరు దగ్గర ఆగిపోయాను.

అతనికి ఇంకా రెండేళ్ల ఎనిమిది నెలల సర్వీసుంది. ఆఫీసుకు నాలుగు కిలోమీటర్ల దూరంలో గూడెం, అక్కడ ఇల్లు, ఎకరన్నర చేను, భార్య పుల్లమ్మ, కళ్లు కనిపించని తల్లి.

"కొత్తగూడెం పంపుతరా సారూ?" అనడిగాడు ఓ మధ్యాహ్నం. మా ఆఫీసులో రహస్యాలుండవు. కంప్యూటర్ ఆపరేటర్ అనిల్‌కుమార్ టీ తాగుతూ అన్నీ చెప్పేస్తాడు.

"ఇంకా ఏమీ రాయలేదు బొజ్జయ్యా."

"రాసేటట్లుంటే ముందుగాల చెప్పుండ్రి. పుల్లమ్మ రాదు. అడిగిన. నువ్వు పో, నేను మీ అమ్మ ఈడనే ఉంటమంది. కోళ్లనెవరు జూస్తరంట."

"మరి నువ్వొక్కడివే ఉండగలవా?"

"వండుకోను రాదు సారూ. గంజి కాసుకుంటె గూడ మాడిపోతది." నవ్వి, ఆ నవ్వును మధ్యలోనే ఆపేశాడు. "మీరెట్ల ఉంటున్నరో ఏమో."

నేనూ నవ్వాను. నా సర్వీసులో సగం ఇలా వేరుగా ఉండడంతోనే గడిచింది. నాగలత వేంసూరులో, నేను ఎక్కడ పోస్టింగ్ ఇస్తే అక్కడ. రిటైరయ్యాక కలిసి ఉందామనుకున్నాం. ఆమె ఐదేళ్ల కిందట కరోనాలో పోయింది. ఇప్పుడు ఊరి అవతలి చివర ఓ గది కిరాయికి తీసుకున్నాను. ఇంటి యజమానురాలు పద్మావతమ్మ గారు వారానికి రెండుసార్లు కూర గిన్నె గుమ్మం దగ్గర పెట్టి, తలుపు కొట్టకుండా వెళ్లిపోతారు. వేరుగా ఉండడం ఎలా ఉంటుందో తెలుసు కాబట్టే ఆ గడి నింపలేకపోయాను.

ఆ వారంలోనే ఉపాధి హామీ కార్డుల పని మీద పడింది. కార్డున్న ప్రతి మనిషీ స్వయంగా వచ్చి ఫోన్ కెమెరా ముందు ముఖం చూపించాలి. చూపించకపోతే కార్డు ఆగిపోతుంది. మా ఎంపీడీవో లిఖిత గారు గూడేలన్నిటికీ మెసేజీలు పంపించారు. ఖమ్మం పిల్ల, ఇరవై తొమ్మిదేళ్లు, ఉద్యోగంలో చేరి ఏడాదైంది. పని మీద ధ్యాస ఎక్కువ, కోపం తక్కువ. మొదటి రోజు రేగులగుంపు వాళ్లు నూట పది మంది రావాలి. నలుగురొచ్చారు, ఆ నలుగురూ వేరే పని మీద వచ్చినవాళ్లే.

"మెసేజ్ అందరికీ వెళ్లింది కదా?" అన్నారు మేడమ్.

"వెళ్లింది మేడమ్," అన్నాడు అనిల్‌కుమార్. "ఇంగ్లీష్ అక్షరాల్లో వెళ్లింది. రీచార్జ్ మెసేజ్ అనుకొని తీసేసి ఉంటారు."

నాకప్పుడు తోచింది. "మేడమ్, వాయిస్ మెసేజ్ పంపుదాం. బొజ్జయ్య కోయలో మాట్లాడతాడు. ప్రతి గూడెంలో నాలుగైదు వాట్సాప్ ఫోన్లున్నాయి. సౌండ్ పెంచితే అందరూ వింటారు."

మేడమ్ సరేనన్నారు. ఆఫీసు ఫోన్ బొజ్జయ్య చేతికిచ్చాం. అతను దాన్ని రెండు చేతులతో పట్టుకొని, ఆఫీసు వెనక్కి పోయి, గోడ వైపు తిరిగి మాట్లాడాడు. తిరిగొచ్చేసరికి చెమట పట్టి ఉంది.

మర్నాడు రేగులగుంపు నుంచి నూట ఆరుగురొచ్చారు. మిగతా నలుగురిలో ఇద్దరు దవాఖానాలో ఉన్నారట, ఇద్దరు మిర్చి కోతకు పోయారట. ఆ సంగతీ చెప్పి పంపారు.

మేడమ్ సంతోషం పట్టలేకపోయారు. "బొజ్జయ్య గారూ, మీరు కంప్యూటర్ కంటే మేలు!" అన్నారు. నేను ఆ మాటను పట్టికలో అతని గడిలో రాసేద్దామనుకున్నాను. కానీ సర్కారు కొలువులో ఏ సమాచారానికైనా ఫైల్ కాపీ ఉండాలి. పంపింది వాయిస్ అయినా అందులో ఏముందో తెలుగులో రాసి ఎక్కించాలి. ఆ పనికి బొజ్జయ్యను పక్కన కూర్చోబెట్టుకున్నాను. అనిల్‌కుమార్ మెసేజ్ తెరిచాడు.

"సార్, ఏడు నిమిషాల నలభై సెకన్లుంది!"

"అంతసేపు ఏం చెప్పావయ్యా?"

"ఉన్నదే చెప్పిన సారూ."

విన్నది ముక్క ముక్కగా తెలుగు చేస్తూ పోయాడు. నేను 'విషయం' అని టైపు చేసి ఆగిపోయాను. విషయం ఎంతకీ రావడం లేదు. మొదటి నిమిషమంతా అందరూ బాగున్నారా, పిల్లాజెల్లా బాగున్నారా, గొడ్డూగోదా బాగున్నాయా అని. రెండో నిమిషంలో వాగు దగ్గర జారిపడ్డ ముత్తమ్మ కాలు ఎలా ఉంది, దవాఖానాకు తీసుకుపోయారా, పసరు కట్టి ఊరుకున్నారా, ఊరుకుంటే తప్పు అని. మూడో నిమిషంలో మినుములు. నాలుగులో పోయినేడు బోరు దగ్గర జరిగిన కొట్లాట, అది ఇప్పుడు చల్లారిందా అని. ఐదులో ఇప్పచెట్లు ఆకు రాల్చాయా అని. ఆరులో ఒకాయన కూతురు కాన్పుకొచ్చిందని విన్నాను, మగపిల్లాడా ఆడపిల్లా, ఎవరైనా మంచిదే అని. ఆరు నిమిషాల యాభై సెకన్ల దగ్గర మొదటిసారి ఉపాధి కార్డు మాట వినిపించింది.

అనిల్‌కుమార్ కుర్చీలోంచి జారిపోయేలా నవ్వాడు. "బొజ్జన్నా, కోడిపుంజు సంగతి మరిచిపోయినట్టున్నవ్!"

"అడిగిన. చివర్ల ఉంటది, ఇను."

ఉంది.

ఆ కాపీ చదివి మేడమ్ కూడా నవ్వారు. నవ్వు ఆగాక తల పట్టుకున్నారు. "జయప్రకాశ్ గారూ, జిల్లా వాళ్లు వాయిస్ మెసేజ్ నిమిషం దాటొద్దన్నారు. రూల్ అది. ఇది పంపితే నన్ను తిడతారు. బొజ్జయ్య గారితో నిమిషంలోపు విషయం మాత్రమే చెప్పించండి. తర్వాతి మూడు గూడేలకు అలా చేసి చూపిస్తే నేనే రాస్తాను, 'స్థానిక భాషలో సమాచారం' అని. ఆయన పోస్టు ఇక్కడే ఉంటుంది. అలా కాకపోతే..."

అతణ్ని పంపడం ఆమెకూ ఇష్టం లేదని అర్థమైంది.

ఇక మూడు రోజులు బొజ్జయ్యకు శిక్షణ. అనిల్‌కుమార్ ఫోన్లో సెకన్లు చూసేవాడు, నేను ఎదురుగా కూర్చునేవాణ్ని.

"బాగున్నారా అనొచ్చా సారూ?"

"వద్దు బొజ్జయ్యా. నేరుగా రా."

"ఒక్కసారి. అందరికీ కలిపి."

"ఒక్కసారి అంటే నువ్వాగవు."

"అవ్, అది నిజమే." తల గోక్కున్నాడు. "తలుపును కాలితో తన్నుకొని ఇంట్లకు పోయినట్టుంటది సారూ."

మొదటిసారి మూడు నిమిషాలు వచ్చింది. తర్వాత రెండు. మధ్యలో మినుములు జొరబడేవి. మూడో రోజు సాయంత్రానికి నలభై ఒక్క సెకన్లకు దిగింది. 'పాలమడుగు, తుమ్మలగుంపు, ఎర్రకుంట వాళ్లకు. నేను బొజ్జయ్యను. రేపు పొద్దున పది గంటలకు అందరూ మండలాఫీసుకు రావాలె. ఆధార్ కార్డు తేవాలె. ఎవరూ ఆగొద్దు.' అంతే.

"శెభాష్!" అన్నాడు అనిల్‌కుమార్.

బొజ్జయ్య మాత్రం ఫోన్ కింద పెట్టలేదు. "సారూ, గిట్ల చెప్తే మంచిగుండదు. మా దిక్కు గిట్ల చెప్పేది వేరే కబురుకు..."

"బొజ్జన్నా, ఐదు కావస్తోంది, ఫోన్ డ్రాయర్ల పెట్టి తాళమేయాలె," అన్నాడు అనిల్‌కుమార్.

నేను అప్పుడే 'ఏ కబురుకు?' అని అడగాల్సింది. అడగలేదు. నలభై ఒక్క సెకన్లు చూసి నా మనసు తేలికైంది. పట్టికలో గడి నిండిపోయినట్టే, పుల్లమ్మ కోళ్లు పుల్లమ్మ దగ్గరే ఉన్నట్టే అనిపించింది. "పంపెయ్ అనిల్," అన్నాను.

మర్నాడు ఎనిమిదిన్నరకే ఆఫీసుకు బయల్దేరాను. కిటికీలు తెరిచి కాసేపు ఒంటరిగా కూర్చోవడం నాకు అలవాటు.

ఆ రోజు ఒంటరితనం దొరకలేదు. గేటు బయట రెండు ట్రాక్టర్లు, ఒక ఆటో. ఆవరణ నిండా జనం. అంతమంది ఉన్నా చప్పుడు లేదు. ఆడవాళ్లు కొంగు తల మీద కప్పుకొని గోడ వారగా కూర్చున్నారు. మగవాళ్లు చెప్పులు విడిచి నిలబడ్డారు. ఓ మూల మూడు రాళ్ల పొయ్యిలు రెండు వెలిశాయి, పక్కనే కట్టెల మోపు, బియ్యం మూటలు, పెద్ద గిన్నెలు. అరుగు మీద ఒక డోలు. నేను స్కూటర్ ఆపి హెల్మెట్ తీశాను.

ఒక ముసలామె నన్ను చూసి కెవ్వున అరిచింది. దాంతో అందరూ లేచారు.

పాలమడుగు పెద్ద పగిడయ్య ముందుకొచ్చాడు. నాకంటే పదేళ్లు పెద్దవాడు. నా మోచెయ్యి పట్టుకొని నొక్కి చూశాడు.

"ఉన్నవా సారూ?"

"ఉన్నానయ్యా. ఏమైంది?"

"మరి పోయిందెవరు?"

"పోవడమేంటి? ఎవరూ పోలేదు."

వెనక్కి తిరిగి కోయలో ఏదో అన్నాడు. ఆవరణంతా ఒక్కసారి గొల్లుమంది. ఏడ్చే ఆడవాళ్లు నవ్వారు, నవ్వే వాళ్లలో కొందరు ఏడ్చారు. నాకు విషయం అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. ఆ గూడేల్లో కబురు తెచ్చినవాడు ముందు మంచీచెడూ అడుగుతాడు. అడక్కుండా విషయంలోకి దిగాడంటే అది చావు కబురే. చావు కబురు మోసేవాడికి బాగున్నారా అనే నోరు రాదు, అనకూడదు కూడా.

"బొజ్జయ్య గొంతు ఇన్నం," అన్నాడు పగిడయ్య. "బాగున్నరా అనలే. గొడ్డును అడగలే. ఆఫీసుకు రండి అన్నడు. ఆఫీసుల ఎవరో పోయిండ్రు అనుకున్నం. మేడమ్ చిన్నపిల్ల. బొజ్జయ్య మాట్లాడుతనే ఉండె. ఆ కంప్యూటర్ పిల్లగాడు సావడు, ఎప్పుడు తింటనే ఉంటడు. ఇగ మిగిలింది నువ్వే."

"ఫోన్ చేసి అడగొచ్చు కదయ్యా?"

"సావుకాడ ఫోన్ జేసి అడుగుతమా? పోతం గని."

"మరి ఆధార్ కార్డు తెమ్మన్నాడు కదా? చావుకు ఆధార్ ఎందుకనుకున్నారు?"

పగిడయ్య నన్ను జాలిగా చూశాడు. "సర్కారోళ్ల సావు గదా సారూ. అడుగుతరేమో అనుకున్నం."

అందరూ ఆధార్ తెచ్చారు. ఒక్కరూ మర్చిపోలేదు.

"ఈ బియ్యం, ఈ గిన్నెలు?"

"నీ ఇంట్ల ఎవరు లేరంటివి గదా. ఒంటి మనిషి ఇల్లు. వచ్చినోళ్లకు వండి పెట్టేదెవరు? అందుకే మేమే తెచ్చుకున్నం."

అతని భార్య సంచిలోంచి ఒక కొత్త తెల్ల పంచె తీసింది, మడత విప్పకుండా. "ఇది నీకే తెచ్చినం. ఎనకకు తీస్కపోతె మంచిది గాదు. ఉన్నవు గదా, కట్టుకో," అని నా చేతుల్లో పెట్టింది.

నాగలత పోయినప్పుడు నా ఫోన్‌కు మూడు వందల పైచిలుకు మెసేజీలు వచ్చాయి. అన్నీ చేతులు జోడించిన బొమ్మలే. ఎవర్నీ తప్పు పట్టను, అవి బయటికి రాకూడని రోజులు. కానీ ఆ పంచె పట్టుకొని నిలబడ్డప్పుడు, నాకు చుట్టమూ పక్కమూ కాని నూట ముప్పై మంది పొద్దున్నే బువ్వ కూడా తినకుండా అడవి దాటి నా కోసం వచ్చారన్న సంగతి మెల్లగా లోపలికి దిగింది. "టీ తాగుతారా?" అన్నాను.

బొజ్జయ్య మోపెడ్ దిగుతూనే డోలును చూశాడు. పొయ్యిలను చూశాడు. నన్ను చూశాడు. నుదురు కొట్టుకొని గేటు దగ్గరే కూలబడ్డాడు. గూడెం వాళ్లు చుట్టుముట్టి తిట్టడం మొదలుపెట్టారు. కోయలో ఏమన్నారో నాకు తెలియదు, కానీ ఏ భాషలోనైనా తిట్టు తిట్టులాగే వినిపిస్తుంది. ఒకామె అతని నెత్తి మీద చేత్తో చరిచింది కూడా.

"చెప్తి గద సారూ," అన్నాడు నా దగ్గరకొచ్చి, గొంతు తగ్గించి. "గిట్ల చెప్పేది వేరే కబురుకని."

"తప్పు నాదే బొజ్జయ్యా. నువ్వు చెప్పబోతే వినలేదు."

తొమ్మిదిన్నరకు మేడమ్ జీపు వచ్చింది. జనాన్ని చూసి ఆమె ముఖం వెలిగిపోయింది.

"పది కూడా కాలేదు! ఇంతమందా! జయప్రకాశ్ గారూ, చూశారా? నిమిషం చాలు. నిమిషం కూడా కాదు, నలభై ఒక్క సెకన్లు!" ఫోన్ తీసి ఆవరణంతా ఫోటో కొట్టారు. "ఇది జిల్లా గ్రూపులో పెడతాను. బొజ్జయ్య గారూ, మీ పట్టిక ఇవాళే సంతకం చేస్తా."

నేను నోరు తెరిచాను. మూసుకున్నాను. చెబితే నిమిషం పద్ధతి పోతుంది, దానితో బొజ్జయ్య పోస్టూ పోతుంది. చెప్పకపోతే ఈ పూటకు అందరూ సుఖం. ముప్పై ఏళ్ల సర్వీసులో ఇలాంటి పూటలు నాకు చాలా ఉన్నాయి. ఎక్కువసార్లు మౌనంగానే ఉన్నాను. అప్పుడూ మౌనంగానే నిలబడ్డాను, చేతిలో పంచెతో.

బొజ్జయ్య ముందుకొచ్చాడు.

"మేడమ్, ఆ ఫోటో పెట్టకుండ్రి."

"ఎందుకు?"

"వీళ్లు ముఖం చూపించనీకి రాలే. సావుకొచ్చిండ్రు."

"ఎవరి చావుకి?"

బొజ్జయ్య నా వైపు చూపించాడు. నేనేం చేయాలో తెలియక తల వంచాను. అతను మొత్తం చెప్పాడు, నెమ్మదిగా, ఏదీ దాచకుండా. మేడమ్ డోలు వైపు చూశారు, పొయ్యి మీద ఉడుకుతున్న అన్నం వైపు చూశారు.

"ఈసారికి వచ్చిండ్రు మేడమ్. ఇంకోసారి గిట్ల చెప్తే రారు. బొజ్జయ్య ఉత్తగనే సావు కబురు చెప్తడంటరు. రేపు నిజంగనే వరదొచ్చి చెప్పినా ఇనరు. నన్ను కొత్తగూడెం పంపితే పంపుండ్రి. గంజి కాసుకునుడు నేర్చుకుంట. గని ఈ నిమిషం కబురు నేను చెప్పలేను."

మేడమ్ ఫోన్ వైపు చూసుకొని ఆ ఫోటో తీసేశారు. ఆ తర్వాత పగిడయ్య వైపు తిరిగారు. "పెద్దాయనా, మరి ఎలా చెబితే మీకు బాగుంటుంది?"

పగిడయ్య కోయలోకి దిగి చాలాసేపు మాట్లాడాడు. చేతులు ఊపాడు, అడవి వైపు చూపించాడు, ఇద్దరు ముసలాళ్లు మధ్యలో కల్పించుకున్నారు, ఒకసారి అందరూ నవ్వారు.

"ఏమంటున్నారు?" అన్నారు మేడమ్.

"ముందుగాల అడగమంటుండు," అన్నాడు బొజ్జయ్య.

"అంతసేపు మాట్లాడింది ఇదేనా?"

"మిగతాదంతా మీ అమ్మానాయినలు బాగున్నరా అని అడిగిండు మేడమ్."

ఆమె నవ్వకుండా ఉండలేకపోయారు. "బాగున్నారని చెప్పండి. అమ్మకి మోకాళ్ల నొప్పులు." బొజ్జయ్య చెప్పాడు. వెంటనే ఆడవాళ్లు మందులు చెప్పడం మొదలుపెట్టారు.

దారి చూపింది అనిల్‌కుమార్. అప్పటిదాకా ఎవరో ఇచ్చిన ఉడకబెట్టిన చిలగడదుంప తింటూ వింటున్నాడు. "మేడమ్, రూల్ ఏంది? ఒక్కో వాయిస్ మెసేజ్ నిమిషం దాటొద్దు. గంతే గదా? ఇన్ని మెసేజీలే పంపాలని ఎక్కడన్నా ఉందా?"

మేడమ్ అతని వైపు చూశారు, తర్వాత నా వైపు.

"వాయిస్ మెసేజీల సర్క్యులర్ చదివాను మేడమ్," అన్నాను. ఆ రోజు నేను చేసిన మంచి పని అదొక్కటే. "సంఖ్య గురించి ఎక్కడా లేదు."

ఆ మధ్యాహ్నం నూట ముప్పై నాలుగు మంది కెమెరా ముందు ముఖాలు చూపించారు. ఒక ముసలాయన ముఖాన్ని ఫోన్ ఎంతకీ గుర్తుపట్టలేదు. చుట్ట తీసి చూపించు అంటే తీశాడు, అప్పుడు గుర్తుపట్టింది. నా చావుకు తెచ్చిన బియ్యం నేనూ తిన్నాను, పప్పుచారుతో. మేడమ్ కూడా కింద కూర్చొని విస్తట్లో తిన్నారు. పుల్లమ్మ మధ్యాహ్నానికి తెలిసి వచ్చి, మొగుణ్ని ఇంకోసారి తిట్టి, అందరికీ వడ్డించింది.

సాయంత్రం పట్టిక పంపాం. బొజ్జయ్య పేరు ఎదుట మేడమే స్వయంగా టైపు చేశారు: 'గిరిజన ఆవాసాలకు వారి భాషలో, వారి పద్ధతిలో సమాచారం ఇవ్వడం. ఈ పని కంప్యూటర్ వ్యవస్థ ద్వారా సాధ్యం కాదని ఫిబ్రవరి పంతొమ్మిదిన రుజువైంది.' ఎలా రుజువైందో రాయలేదు.

వారం తర్వాత జిల్లా నుంచి ఫోన్ వచ్చింది. మేడమ్ స్పీకర్ ఆన్ చేశారు.

"ఏమ్మా, ఒక్క నోటీసుకు ఎనిమిది వాయిస్ మెసేజీలు పంపారా? మొదటి ఏడింటిలో విషయమే లేదు?"

"ఒక్కోటీ నిమిషం లోపే సర్."

"అది సరే. ఏడింట్లో ఏముంది?"

"క్షేమ సమాచారం సర్."

"ఎంతమంది వచ్చారు?"

"నూటికి తొంభై ఏడు సర్. మీ అమ్మగారు బాగున్నారా సర్?"

నేను ఉలిక్కిపడ్డాను. అవతలి గొంతు కూడా తడబడింది. "ఆఁ... బాగానే ఉందమ్మా. మొన్న కన్ను ఆపరేషన్ అయింది." తర్వాత ఆ పెద్దమనిషి నాలుగు నిమిషాలు వాళ్లమ్మ కన్ను గురించి మాట్లాడారు. మళ్లీ విషయానికి రాలేదు.

మార్చి ఆరో తారీకున ఈ-ఆఫీసులో ఉత్తర్వు దిగింది. ఇద్దరు మిగులు సిబ్బంది పేర్లున్నాయి, పక్క మండలాల వాళ్లవి. బొజ్జయ్య రిటైరయ్యే దాకా ఇక్కడే. అతణ్ని పిలిచి తెర చూపించాను. చదవడం వచ్చినా నన్నే చదవమన్నాడు. రెండుసార్లు చదివించుకున్నాడు.

"ఐతే పోయేది లేదు."

"లేదు బొజ్జయ్యా."

కిటికీ దగ్గరకు పోయి కాసేపు బయటికి చూశాడు. ఎండ అప్పుడే ముదురుతోంది. కళ్లు తుడుచుకున్నాడేమో, నేను తెర వైపు చూస్తూ ఉండిపోయాను.

"సారూ, రేపు సెలవు కావాలె."

"దేనికి?"

"ఇంటి మీద తాటాకు మార్చాలె. సంక్రాంతి అయినంక మార్చాల్సింది, పోయేటోళ్లకెందుకని ఇడిసిపెట్టిన. పుల్లమ్మ రోజూ పైకి జూసి ఊకుంటున్నది, ఏమనది. ఈ ఎండల్ల ఎండితెనే వానలకు ఆగుతది."

సెలవు పేజీ తెరిచాను. అతని పేరు వెతికి నొక్కాను. "ఒకరోజు సరిపోతుందా?"

"తాటాకు గొట్టి తెచ్చి కప్పేదానికి ఒకరోజు సాలు." తలుపు దాకా వెళ్లి ఆగాడు. "రెండు పెట్టుండ్రి సారూ. కప్పింది నచ్చలేదని పుల్లమ్మ మళ్ల ఇప్పిస్తది."

రెండు పెట్టాను.